తమ్ముడి మీద మొలిచిన తోరాజి

ప్యో చిల్బోక్ బతికినన్నాళ్ళూ ఏ పనీ చివరిదాకా చెయ్యలేదు. చావొక్కటే పూర్తిగా చేశాడు. అది కూడా వృద్ధుల గదిలో పూల పేకలు ఆడుతూ, చేతిలో ముక్కలు కింద పరచకుండానే పక్కకి ఒరిగిపోయి చేశాడు కాబట్టి, ఆ ఆట మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. చచ్చినవాడి వేళ్ళు విడదీసి చూస్తే గెలిచే ముక్కలన్నీ అక్కడే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మా ఆయన మాత్రం తనే గెలిచేవాణ్ణని ఇప్పటికీ అంటాడు.

చిల్బోక్ పెళ్ళాం బొంగ్నే శవం దగ్గర ఏడవలేదు. చావింట కట్టే గోనెగుడ్డ బట్టలు కట్టుకుని, పెట్టె పక్కన కూర్చుని, దూరపు చుట్టాలంతా వింటూండగా మొగుణ్ణి తిట్టింది. గొడ్లపాక కప్పు సగం వేసి వదిలేశావు, మిరప నారు సగం నాటి వదిలేశావు, నన్ను కూడా సగంలో వదిలేసి పోతున్నావు అని. పొరుగింటిదాన్ని గనక పక్కన కూర్చుని నేను దాని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి నాకిచ్చేసింది. నోరు మాత్రం ఆగలేదు.

మా ఊరు సొల్గోల్‌లో ప్యో వంశం వాళ్ళ సమాధులన్నీ మా ఇంటి వెనక కొండవాలు మీదే. మా పెరట్లో కిమ్చీ ఊరగాయ జాడీల దగ్గర నిలబడితే చిల్బోక్ మట్టిదిబ్బ సూటిగా కనిపిస్తుంది. అక్కడ నేల ఇసక నేల. పచ్చగడ్డి చెక్కలు తెచ్చి పరిచారు గానీ అంటుకోలేదు. మొదటి వానాకాలానికే సగం గడ్డి కొట్టుకుపోయి, దిబ్బ బట్టతల మనిషిలా తయారయింది. చిల్బోక్ అన్న మన్సొక్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చుట్టూ తిరిగి చూసి, పోయినవాడి నడవడి సరిగా లేకపోతే సమాధి మీద గడ్డి నిలవదని పెద్దలు చెబుతారని అన్నాడు. ఏ పెద్దలో చెప్పలేదు. పెద్ద కొడుకుల వరసన ఆ వంశానికి పెద్ద తనే.

బొంగ్నే ఇంటికి వెళ్ళి, పెరటి గట్టు మీద మిగిలిన తోరాజి మొక్కల నుంచి గింజలు దులిపి తెచ్చింది.

ఆ మొక్కల కథ కూడా చిల్బోక్ మార్కుదే. కూరకీ మందుకీ పనికొచ్చే తోరాజి వేరుకి సంతలో మంచి గిరాకీ ఉందని ఒక ఏడు పెరడంతా వేశాడు. దానికి ఒక పేచీ ఉంది. రెండు మూడేళ్ళకోసారి వేరు తవ్వి వేరే చోట నాటాలి, లేకపోతే నేలలోనే కుళ్ళిపోతుంది. చిల్బోక్ వెయ్యడం వేశాడు, తవ్వి మార్చడం మాత్రం రేపు రేపు అంటూ గడిపేశాడు. మడంతా కుళ్ళింది. నీళ్ళు నిలవని రాళ్ళ గట్టు మీద పడ్డవి మాత్రం ఎవరూ పట్టించుకోకపోయినా బతికాయి. ఆ గింజలే బొంగ్నే తెచ్చి మొగుడి దిబ్బ మీద చల్లి, పైన మట్టి తట్టింది.

"ఇల్లు పట్టుకోలేదు, పెళ్ళాన్ని పట్టుకోలేదు. వీటినైనా పట్టుకో" అంది.

మరుసటి ఏడు గడ్డిపోచల్లాంటి మొలకలు వచ్చాయి. ఆ తరవాతి ఏడు జులై నెలలో పూశాయి. మొగ్గలు కాగితం బుడగల్లా ఉబ్బి, నొక్కితే టప్పుమంటాయి. విచ్చుకున్నాక అయిదు కోణాల నీలి చుక్కలు. దిబ్బంతా నీలం. చుట్టూ తాతలూ ముత్తాతలూ నున్నగా గుండు చేయించుకున్నట్టు పచ్చగా వరసలో కూర్చుంటే, మధ్యలో చిల్బోక్ ఒక్కడూ నీలి రుమాలు చుట్టుకుని పెళ్ళి ఊరేగింపుకి బయల్దేరినవాడిలా ఉన్నాడు. మన్సొక్ భార్య ఓక్బున్ చూసి, మరిది బతికుండగా ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేడని నవ్వింది. నవ్వి, మొగుడు విన్నాడేమోనని వెనక్కి చూసింది.

మన్సొక్ వినలేదు గానీ చూశాడు. సమాధి మీద పచ్చగడ్డి తప్ప ఇంకేదీ ఉండకూడదని, ఇది పొగరని, వెంటనే పీకెయ్యమని కబురు పంపాడు. బావగారికి అంత కష్టంగా ఉంటే ఆయన్నే పీకమనండి అని బొంగ్నే తిరుగు కబురు పంపింది. ఆయన వచ్చి పీకాడు. కాడ చేతికి వచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. వచ్చే ఏడు ఒక్క కాడ ఉన్నచోట రెండు వచ్చాయి. అప్పటి నుంచి ఏటా ఛూసొక్ కోతల పండగ ముందు వంశమంతా చేరి సమాధుల మీద గడ్డి కోసేటప్పుడు, తమ్ముడి దిబ్బ మీదకి మన్సొక్ తనే మిషను పట్టుకుని ఎక్కేవాడు. పళ్ళు బిగించి కోసేవాడు. అప్పటికి ముదిరిన కాయలు పగిలి గింజలు నలుమూలలా చెదిరేవి. మొక్కలు చలికాలంలో ఆనవాలు లేకుండా మాయమయ్యేవి, వేసవికి ఇంకా ఒత్తుగా లేచేవి. కొండమీద తోరాజి సాగు చేస్తున్నది మన్సొకేనని ఊళ్ళో మేమంతా అనుకునేవాళ్ళం. ఆయన ముందు ఎవరం అనలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, పితృదేవతల పళ్ళెంలో మూడు రంగుల కూరలు పెట్టాలి. అందులో తెల్లది, ఉప్పు రాసి పిసికి చేదు తీసిన తోరాజి వేరు. అది లేకుండా మన్సొక్ పూజ మొదలుపెట్టడు. పైన పువ్వు పాపం, కింద వేరు ప్రసాదం.

మన్సొక్‌కి ఉన్న ఆస్తి ఆయన గొంతు. పూజ మంత్రం చదివితే పక్క లోయలో కుక్కలు లేచేవి. పోయినవాళ్ళలో చెవిటివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకీ వినిపించేది. అలాంటి గొంతు ఒక చలికాలం పట్టేసింది. మొదట దగ్గు. తరవాత పిల్లికూతలు. ఆస్పత్రి మాత్రలు మింగితే నిద్ర వచ్చేది, దగ్గు కూడా ఆయనతోపాటే నిద్రపోయి ఆయనకంటే ముందు లేచేది. కొత్త సంవత్సరం పూజలో ముత్తాత పేరు దగ్గర అందుకున్న దగ్గు తాత పేరు దాటినా తగ్గలేదు. ఆ రోజు మంత్రం ఆయన తమ్ముడి వరస కుర్రాడొకడు నసుగుతూ పూర్తి చేశాడు. మన్సొక్ ఆ పూట తినలేదు.

వనమూలికల వైద్యుడు నాడి చూసి, ఏళ్ళు నిండిన తోరాజి వేరు దొరికితే బేరిపండుతో కలిపి ఉడికించి తాగమన్నాడు. మామూలు వేరు పనికిరాదు, కదలకుండా ఏళ్ళ తరబడి ఒకేచోట ముదిరింది కావాలి. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? సంతలో ఒక తిరుగుడు వ్యాపారి నాచులో చుట్టి పట్టుకొచ్చి, లోతైన కొండల్లో తవ్వానని ఒట్టేసి అమ్మాడు. అది తోరాజి కాదు, చూడ్డానికి అలాగే ఉండే విషపు దుంప. మన్సొక్ రెండు పగళ్ళు దొడ్లోనే కాపురం పెట్టాడు. దగ్గు వచ్చినప్పుడల్లా రెండు చోట్లా ఆపుకోవాల్సి వచ్చేదని ఓక్బున్ నా దగ్గర చెప్పి, పాపమని కళ్ళు తుడుచుకుని, ఆ తుడుచుకోవడంలోనే నవ్వింది.

ఆ వారమే ఓక్బున్ బొంగ్నే ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను, వెల్లుల్లి ఒలుస్తున్నాం. ఓక్బున్ కాసేపు తనూ ఒలిచింది. తరవాత తల ఎత్తకుండా అంది.

"అడగడానికి మొహం చెల్లడం లేదు చెల్లీ. మరిది దగ్గర ముదురు వేళ్ళు ఉంటాయి కదా."

బొంగ్నే ఇంకో గడ్డ తీసి అంతా ఒలిచింది. ఏటా మిషనుతో కోసిన మనిషి కోసం అడుగుతున్నారని నేననుకున్నాను, దానికీ అదే తోచి ఉంటుంది. చివరికి వెల్లుల్లి పొట్టు ఒళ్ళోంచి దులుపుకుని లేచింది.

"ఆయన దగ్గర ఉన్నది ఇవ్వకపోవడమంటూ ఎప్పుడుంది అక్కా. లేనిది కూడా ఇచ్చేవాడు. పద."

నేల మెత్తబడ్డ రోజు చూసుకుని ఇద్దరూ చేతిపారలు తీసుకుని కొండెక్కారు. నేను కాపలాకి వెళ్ళాను. ఓక్బున్ పద్ధతి గల మనిషి, ముందు దిబ్బకి వంగి దణ్ణం పెట్టి, ఏమనుకోకు మరిదీ అని చెప్పుకుంది. బొంగ్నే ముంతలో తెచ్చిన బియ్యపు కల్లు మక్కొల్లి సగం దిబ్బ మీద పోసి, సగం తను తాగి, మూతి తుడుచుకుని, కాళ్ళు కొంచెం ముడుచుకో అంటూ తవ్వడం మొదలెట్టింది. వచ్చిన వేరు నా మణికట్టంత ఉంది. కింద రెండుగా చీలి, పైన మెడ సన్నబడి, అచ్చం కాళ్ళు చాపుకుని పడుకున్న మనిషే. ఓక్బున్ దాన్ని చూసి మళ్ళీ దణ్ణం పెట్టింది.

బేరిపండు, తేనె, అల్లం, ఆ వేరు. ఓక్బున్ రోజూ కాచి ఇచ్చింది. మా పుట్టింటి కొండ మీదిది, మా అన్న పంపాడు అని చెప్పింది. వసంతం వెళ్ళేసరికి పిల్లికూతలు పోయాయి. దగ్గు పోయింది. ఒక పొద్దున వాకిట్లో నిలబడి మన్సొక్ గొంతు సవరించుకుంటే మా ఇంట్లో పళ్ళేలు అదిరాయి. వృద్ధుల గదిలో కూర్చుని తన బావమరిది ఎంత మంచివాడో చెప్పాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన్ని ఒక్క మంచి మాట అనని మనిషి. ఆ బావమరిదికి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పడానికి సిద్ధమైతే, అన్నకి చెవుడు వచ్చిందని ఓక్బున్ అబద్ధమాడింది. దాంతో మన్సొక్ ఆ చెవిటి బావమరిదికి ఒక పెట్టెడు ఎండు చేపలు పంపించాడు.

అంతా సవ్యంగానే నడిచేది. కానీ వేళ్ళు తవ్విన వైపు దిబ్బ కుంగింది. ఎండాకాలంలో ఒకరోజు మన్సొక్ అటు వెళ్ళి, పూల మధ్య గోతులు చూసి, అడవిపందులు తమ్ముణ్ణి తవ్వుతున్నాయని ఊరంతా కేకలేశాడు. ఏటా వాడి మీద మిషను నడిపిన మనిషి, పంది మూతి పెట్టిందనేసరికి కళ్ళెర్రజేశాడు. పందుల్ని కొట్టేవాళ్ళని పిలిపించాడు. వాళ్ళు కుక్కలతో వచ్చి, వాసన చూపించి, నేల పరీక్షగా చూసి, అయ్యా, ఈ పంది చేతిపార వాడుతోంది అన్నారు.

మర్నాటి నుంచి మన్సొక్ పైన్ చెట్టు వెనక కాపు వేశాడు. పట్టపగలు, తెల్లటి గడ్డి టోపీ పెట్టుకుని. మా పెరట్లోంచి టోపీ స్పష్టంగా కనిపించేది. వెళ్ళి బొంగ్నేకి చెప్పాను. చూశాన్లే అంది. చూసి కూడా, వచ్చే చలికాలానికి వేళ్ళు దాచాలని ఓక్బున్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ పూట ఓక్బున్‌కి టోపీ సంగతి తెలియదు. నేను జాడీల మూతలు తుడుస్తూ నిలబడిపోయాను; ఆడవాళ్ళ మాటలు తరవాత బొంగ్నే చెబితే తెలిశాయి.

మన్సొక్ చెట్టు వెనక నుంచి వచ్చేసరికి ఓక్బున్ చేతిలో పార జారిపడింది. బొంగ్నే లేవలేదు.

"ఏం చేస్తున్నారు మీరు?"

"మీ మందు తవ్వుతున్నాం బావగారూ."

ఆ మాట ఆయనకి ఎక్కడానికి కొంత సమయం పట్టింది. పూలని చూశాడు, గోతిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఓక్బున్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు రెండు చేతులూ మూతి మీద పెట్టుకుంది.

"నేను తాగింది ఇదా? పుట్టింటిదన్నావ్."

"మెట్టినింటిది" అంది ఓక్బున్ నెమ్మదిగా.

"అంటే నేను మా తమ్ముణ్ణి తిన్నానా?"

"మీ తమ్ముణ్ణి కాదు, మీ తమ్ముడి మీద మొలిచినదాన్ని" అంది బొంగ్నే. "తేడా ఎంతుందో నాకూ తెలీదు. వేరు దిగింది మాత్రం ఆయన దగ్గరికే. బతికున్నప్పుడు ఆయన మీ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నాడో మీరే లెక్క చెప్పేవారు. మీరొకసారి తింటే ఏమైంది?"

మన్సొక్ పక్కకి వెళ్ళి గొంతులో వేలు పెట్టుకున్నాడు. ఏమీ రాలేదు. ఎప్పుడో వసంతంలో తాగింది ఎలా వస్తుంది. ఓ ఓ అని ఆయన చేసిన చప్పుడు మాత్రం ఎంత నిండుగా ఉందంటే, కొండ అవతలి నుంచి ప్రతిధ్వని వచ్చింది. ఆ ప్రతిధ్వని విని ఆయనే ఆగి, ఒక క్షణం చెవి పెట్టి విన్నాడు. తరవాత కోపం గుర్తొచ్చి, వంశ సభ పెడతానని, ఇద్దరూ అందరి ముందూ చెంపలేసుకోవాలని చెప్పి దిగిపోయాడు.

సభ పూజల మందిరంలో పెట్టారు. ముసలివాళ్ళంతా వచ్చారు. కోడళ్ళకి బయట అరుగు, నేను పొరుగుదాన్ని గనక ఆ అరుగు చివర. మన్సొక్ లేచి నిలబడి జరిగినదంతా చెప్పాడు. పితృదేవతల శాంతికి భంగం కలిగిందన్నాడు, ఇల్లాళ్ళు సమాధి తవ్వారన్నాడు, రక్తసంబంధం కషాయమైందన్నాడు. అందరూ తల దించుకుని విన్నారు. ఆయన ముగించాక పెద్ద పినతండ్రి గప్చుల్, ఉబ్బసంతో మాటకొకసారి ఊపిరి వెతుక్కునే మనిషి, చెయ్యెత్తాడు.

"ఇంకా ఉన్నాయా?"

"ఏవి?"

"వేళ్ళు."

మన్సొక్ నోరు తెరిచేలోగా రెండో పినతండ్రి తనకీ చలికాలంలో కఫం పడుతుందని గుర్తుచేశాడు. వరస ప్రకారం చూస్తే గప్చుల్ కంటే తానే దగ్గరివాణ్ణని వాదించాడు. గప్చుల్ వయసు ప్రకారం చూడాలన్నాడు. ఇంకొకాయన మేనల్లుళ్ళ పిల్లలకి కూడా వాటా వస్తుందా అని అడిగాడు. చిల్బోక్‌ని ఎవరు ముందు తినాలన్న విషయం మీద ప్యో వంశం పెద్దలు టీ చల్లారిపోయేదాకా తర్కించారు. బతికుండగా వాడు వస్తే ఇంట్లో లేనట్టు చెప్పులు లోపల దాచుకున్న మనుషులు. బయట అరుగు మీద బొంగ్నే భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని చూశాను. నవ్వాపుకోలేక స్తంభాన్ని పట్టుకుని కూర్చుంది.

"నా తమ్ముడు కూరల మడి కాదు" అన్నాడు మన్సొక్.

కిటికీ కాగితం అదిరింది. గప్చుల్ పక్కాయన వైపు వంగి, చూశావా గొంతు ఎలా బాగుపడిందో అన్నాడు.

చెంపలేసుకోవడాల ఊసు మళ్ళీ రాలేదు. వేళ్ళు కోరినవాళ్ళకి ఒక్కటి కూడా దక్కలేదు. మన్సొక్ రోజూ కర్ర పట్టుకుని కొండెక్కి, తమ్ముడి చుట్టూ తిరిగి వచ్చేవాడు. గప్చుల్ మనవడు ఒకసారి సంచీ పట్టుకుని అటు వెళ్ళి, ఆయన్ని చూసి పుట్టగొడుగుల కోసమని చెప్పి దిగిపోయాడు. గోతులు పూడ్చి మట్టి తట్టింది కూడా మన్సొకే. ఓక్బున్‌తో మాత్రం కొన్నాళ్ళు అన్నం, నీళ్ళు, ఉప్పు అన్న మాటలు తప్ప మాట్లాడలేదు.

మంచు పడే రోజులొచ్చాక దగ్గు కొద్దిగా తిరిగి వచ్చింది. ఓక్బున్ బేరిపండు ఒక్కటే కాచి ఇచ్చింది. ఆయన తాగి, గిన్నె కింద పెట్టి, ఇందులో ఏదో తక్కువైంది అన్నాడు. ఏం తక్కువైందో ఇద్దరికీ తెలుసు. రెండు రోజుల తరవాత మధ్యాహ్నం ఒక్కడే కొండెక్కాడు. నేను జాడీలోంచి కిమ్చీ తీస్తున్నాను. పొంచి వినలేదు, ఆయనకి గుసగుసలాడ్డం చేతకాదు, అంతే.

ముంతెడు మక్కొల్లి దిబ్బ మీద మొత్తం పోశాడు. ఒక్క చుక్క కూడా తను తాగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఒరేయ్, అమ్మ నీ పాటకి వంటింట్లోంచి బయటికొచ్చేది. నేను మంత్రం చదివితే గోడకి ఆనుకుని నిద్రపోయేది. ఒక్కసారైనా చివరిదాకా వినలేదు."

వంగి మట్టి మీద చెయ్యి పెట్టాడు.

"ఒక్కటి తీసుకుంటాను. చిన్నదే."

ఆయన తవ్వడం చూస్తే నాకు నవ్వొచ్చింది, పొలంలో పుట్టిన మనిషి అలా తవ్వడు. ముందు చేత్తో మట్టి తీస్తూ, వేరు తెగకుండా, పసిపిల్లవాణ్ణి నిద్ర లేపకుండా పక్క తీసేవాడిలా. తీసింది చిన్నది కాదు. కోటు లోపల పెట్టుకుని దిగాడు. నా వైపు చూడలేదు, నేను ఉన్నానని తెలుసు.

తరవాతి ఏడు ఛూసొక్ ముందు గడ్డికోతకి మన్సొక్ మిషను పట్టుకోలేదు. కొడవలితో తమ్ముడి దిబ్బ మీద మోకాళ్ళ మీద కూర్చుని, తోరాజి కాడల మధ్య గడ్డి మాత్రం కోశాడు. చెయ్యి అలవాటు తప్పింది, దిబ్బ అంతా ఎక్కడికక్కడ మెట్లు మెట్లుగా, తాగిన మంగలి చేసిన క్షవరంలా తయారయింది. బొంగ్నే ఉడికించిన మొక్కజొన్న పొత్తు ఒకటి ఆయన చేతిలో పెట్టి వచ్చింది. ఆయన తీసుకున్నాడు.

పండగ అయిన కొన్నాళ్ళకి, మేమిద్దరం మిరపకాయలు ఎండబోస్తుంటే, మన్సొక్ బొంగ్నే వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన తన సమాధి దిబ్బ ముందే కట్టించి పెట్టుకున్నాడు, తల్లిదండ్రుల పక్కన, రాయి చెక్కించి, చుట్టూ గడ్డి దువ్వినట్టు పెంచి. మనిషి మాత్రం ఇంకా వెళ్ళలేదు. చాలాసేపు మిరపకాయల్ని చూసి, ఈ ఏడు ఎరుపు బాగా వచ్చిందన్నాడు. తరవాత అసలు సంగతి చెప్పాడు.

"గింజలు కొన్ని కావాలమ్మా. నా దిబ్బ మీద చల్లడానికి."

బొంగ్నే చేతులు దులుపుకుంది. "గడ్డి తప్ప ఇంకేదీ ఉండకూడదన్నారు కదా."

"అన్నాను."

"మీరింకా లోపలికి వెళ్ళలేదు బావగారూ. దేన్ని పట్టుకుని పెరుగుతాయి?"

"నేను వెళ్ళేసరికి ముదిరి ఉంటాయని." ఆయన కాలితో ఒక మిరపకాయని కుప్పలోకి తోశాడు. "నన్నెవరు తింటారో మరి."

నేను తలెత్తలేదు. బొంగ్నే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరు చేదుగా ఉంటారు. ముందు ఉప్పు రాసి బాగా పిసకాలి. అక్క ఉంది, నేనున్నాను, చూద్దాంలెండి."

ఆయన తల ఊపాడు. గింజలు ఒక పాత సోజు సారా సీసాలో పోసి ఇచ్చింది. మూత గట్టిగా బిగించి, లోపలి జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళాడు. నిటారు నడక మారలేదు, చేతులు మాత్రం ఆ రోజు వెనక్కి కట్టుకోలేదు.

వసంతంలో మన్సొక్ ఖాళీ దిబ్బ మీద మొలకలు వచ్చాయి. రోజూ వెళ్ళి కలుపు తీసేవాడు. ఒక పొద్దున బొంగ్నే నా పెరట్లో నిలబడి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అటు చూసి, కలుపని ఆయన పీకుతున్నవాటిలో సగం తోరాజి మొలకలే అంది. చెప్పనా అని అడిగాను. వద్దులే, మిగతా సగం ఉన్నాయిగా అని, జాడీలోంచి ఒక ముల్లంగి ముక్క తీసుకుని నములుతూ ఇంట్లోకి వెళ్ళింది.